ఇన్సూరెన్స్ మానేసి ఇచ్చిన కానుక

ముందే చెప్పేస్తున్నాను, ఇది సాక్ష్యం కాదు. మా క్రైస్తవ సహవాసంలో నిలబడి, దేవుడు నాకు చేసిన మేలు ఇదీ అంటూ నేను చెప్పిన సాక్ష్యాలు చాలు. మైకు చేతికిస్తే దించేవాణ్ణి కాదు. ఇప్పుడు ఆ మాటలు గుర్తొస్తే ఒళ్ళంతా చీదరగా ఉంటుంది. జబ్బులో నా ఒంట్లోంచి వచ్చినవి చూసి కూడా నేను అంత అసహ్యపడలేదు. ఇప్పుడు కాస్త తేరుకున్నాను, అందుకని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. నాలాంటివాడు ఎవడైనా ఇది చదివి, నేను చేసిన ఒక ఫోన్ కాల్ తను చెయ్యకుండా ఆగితే చాలు.

మేం పరాయి దేశంలో, పాపకూర అనే ఊళ్ళో ఉంటాం. గుంటూరు పక్కనుంచి చదువుకోవడానికి వచ్చి, చదివినదానికీ చేసేదానికీ సంబంధం లేకుండా పదకొండేళ్ళుగా బస్సు నడుపుతున్నాను. నా భార్య సుజాత ముసలివాళ్ళ కేర్ హోమ్‌లో పనిచేస్తుంది. మా అమ్మాయి రూతుకి పదేళ్ళు. తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులో ఇస్తుంది. ఆదివారం మధ్యాహ్నాలు ఒక కమ్యూనిటీ హాలు అద్దెకు తీసుకుని పాతిక తెలుగు కుటుంబాలం ఆరాధనకు కూడుకుంటాం. అక్కడ కానుకల బాధ్యత నాది. సంచి పట్టడం, లెక్క రాయడమే కాదు, నెలకోసారి గృహనిర్వాహకత్వం మీద పాఠం కూడా నేనే చెప్పేవాణ్ణి. మన చేతిలో డబ్బు మనది కాదు, దేవుడిది, ఆయన అప్పగించింది జాగ్రత్తగా చూసుకోవడమే మన పని అని. ఆ మాట ఇప్పటికీ నమ్ముతున్నాను. అది చెప్పిన మనిషి మీదే నాకు నమ్మకం పోయింది.

జనవరి

కొత్త సంవత్సరం మొదటి ఆదివారం మా దగ్గర ఒక ఆనవాయితీ ఉంది. బుట్టలోంచి ఒక్కొక్కరూ ఒక వాగ్దానం కార్డు తీసుకుంటారు. ఆ ఏడాదికి దేవుడు మనకిచ్చే మాట అది. తర్వాత ఒక చీటీ ఇస్తారు. దాని మీద మనం దేవుడికిచ్చే మాట రాయాలి, అంటే ఏడాదిలో సంపాదన మీద పదోవంతు, దశమభాగం పోను ఇంకెంత ఇస్తామో. పేరు రాయక్కర్లేదు. చెప్పాలనుకున్నవాళ్ళు మాత్రం ముందుకొచ్చి చెప్పొచ్చు. చెప్పుకోకుండా ఉండే రకం కాదు నేను.

పోయినేడాది సొంత మందిరం కొనుక్కోవాలని అందరం ఊపు మీద ఉన్నాం. కానుకల పెద్దని కదా, నేను తక్కువ రాస్తే బాగుండదని నా తాహతుకి మించిన అంకె రాసేశాను. ఇంటికొచ్చి డబ్బు ఎక్కణ్ణుంచి తేవాలా అని చూసుకుంటే నెలనెలా ముగ్గురి పేరా కడుతున్న హెల్త్ ఇన్సూరెన్స్ కనిపించింది. ఈ దేశంలో ప్రభుత్వ ఆస్పత్రిలో వైద్యానికి డబ్బు కట్టక్కర్లేదు, కానీ వరసలో ఉండాలి. ఇన్సూరెన్స్ ఉంటే ప్రైవేటులో త్వరగా అయిపోతుంది. నాకేం, దుక్కలా ఉన్నాను అనుకున్నాను.

సుజాత ఒప్పుకోలేదు.

"అదేంటండీ, పిల్ల ఉంది మనకి. రేపు ఏదైనా అయితే?"

"దేవుడు చూసుకుంటాడు."

"దేవుడు మీకు బుర్ర కూడా ఇచ్చాడు కదా. అదీ కానుకల సంచిలో వేసేశారా?"

నాకు ఒళ్ళు మండింది. విశ్వాసం లేని మాటలు మాట్లాడకు అన్నాను. మర్నాడు బస్సు డిపోలో టీ బ్రేక్‌లో ఫోన్ చేసి పాలసీ తీసేయించాను. ఆ అవతలి అమ్మాయి రెండుసార్లు అడిగింది, ష్యూరేనా అని. మళ్ళీ తీసుకోవాలంటే అప్పటికి ఉన్న జబ్బులకి వర్తించదని కూడా చెప్పింది. నేను నవ్వుతూ, నాకు పైన పెద్ద ఇన్సూరెన్స్ ఉందమ్మా అన్నాను. ఆ నవ్వు తలచుకుంటే ఇప్పుడు నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

తర్వాతి ఆదివారం మైకు పట్టుకున్నాను. ఇన్సూరెన్స్ అంటే దేవుడి మీద అపనమ్మకం అన్నాను. ఆ డబ్బు మందిరానికి ఇచ్చేస్తున్నాను అన్నాను. హాలంతా ఆమేన్‌లు, చప్పట్లు. పాస్టరు గారు వచ్చి కౌగిలించుకున్నారు. సుజాత మాత్రం వెనక వరసలో రూతు జడ సవరిస్తూ కూర్చుంది. ఒక్కసారి కూడా తలెత్తలేదు.

నెల తిరక్కుండా ఇంకో ముగ్గురు లేచారు. వరంగల్ నుంచి వచ్చి ఇక్కడ ఐటీ ఉద్యోగం చేస్తున్న కిరణ్, లిక్కర్ షాపులో పని మానేసి సొంతంగా డైరీ, అంటే వీధి చివర కొట్టు, పెట్టుకున్న ప్రభాకర్, ఆఫీసులు శుభ్రం చేసే విమల. విమల భర్త పోయి నాలుగేళ్ళు. ఇద్దరాడపిల్లలతో ఫ్లాట్‌లో ఉంటుంది. "అన్నయ్య సాక్ష్యం విని నేను కూడా తీసేశానండీ" అని రెండే ముక్కలు చెప్పి కూర్చుంది. నేను గర్వంగా చుట్టూ చూశాను.

మార్చి నుంచి జూన్

మొదట విరేచనంలో రక్తం కనిపించినప్పుడు పచ్చడి ఎక్కువైందనుకున్నాను. తర్వాత మొలలు అనుకున్నాను. బస్సు నడిపేవాళ్ళందరికీ ఉండేవేగా. రక్తం ఎక్కువవుతూ వచ్చింది. కడుపులో ఎవరో తడిబట్ట పిండుతున్నట్టు ఉండేది. ఆస్పత్రికి రాసిచ్చే క్లినిక్ డాక్టరుకి మాత్రం ఇక్కడ ఫీజు కట్టాలి, కానీ అది నా దగ్గర లేక కాదు ఆగింది. అంత గొప్పగా మాట్లాడినవాణ్ణి రెండు నెలల్లో డాక్టరు దగ్గరికి పరిగెత్తితే నలుగురూ ఏమనుకుంటారు? నాకు దేవుడి మీద నమ్మకం ఉండి కాదు, నా మాట పోతుందనే. సుజాతకి చెప్పలేదు. టాయిలెట్‌లో బ్లీచ్ పోసి, కిటికీ తీసి, రూమ్ స్ప్రే కొట్టి బయటికొచ్చేవాణ్ణి. దొంగ సరుకు దాచుకునేవాడిలా బతికాను.

మే నెలలో ఒక రోజు మనుకావు నుంచి బస్సు నిండా జనంతో వస్తున్నాను. ఇంక ఆపుకోలేననిపించింది. పెట్రోలు బంకు పక్కన బస్సు ఆపి, ఒక్క నిమిషం అని చెప్పి పరిగెత్తాను. టాయిలెట్ దాకా వెళ్ళలేకపోయాను.

దాని గురించి ఇంకేం రాయను. ఎలాగో డిపో దాకా నడిపాను. సియోనె అని నాతో పనిచేసే టోంగా దీవుల మనిషి, ఆరడుగుల పైన ఉంటాడు, నన్ను చూశాడు. ముక్కు మూసుకోలేదు, ఏమైందని అడగలేదు. తన జాకెట్ విప్పి నా నడుముకి కట్టి, భుజం మీద చెయ్యేసి నన్ను స్నానాల గదికి నడిపించాడు. తలుపు బయట నిలబడి ఎవర్నీ రానివ్వలేదు. బయటికొచ్చాక ఒక్కటే మాట అన్నాడు, రేపు నీ షిఫ్టు నాది, నువ్వు డాక్టరు దగ్గరికెళ్ళు అని.

జాకెట్ ఉతకడం చూసి సుజాత అడిగింది. అప్పుడు చెప్పాను. అరుస్తుందనుకున్నాను. అరిచినా బాగుండేది. బకెట్లో జాకెట్ వదిలేసి గోడకి ఆనుకుని కూర్చుంది. ఎన్నాళ్ళనించి అని అడిగింది. మార్చి అన్నాను. లేచి క్లినిక్‌కి ఫోన్ చేసింది.

జీపీ, అంటే ఆ క్లినిక్ డాక్టరు, పెద్దావిడ. చేతులు కడుక్కుంటూ అడిగింది, ఇన్సూరెన్స్ ఉందా, ఉంటే వచ్చే వారమే లోపలికి కెమెరా పెట్టి చూస్తారు అని. లేదన్నాను. పక్కనున్న సుజాత నా మొహంలోకి చూసింది.  సరే, ప్రభుత్వ ఆస్పత్రికి రాస్తాను, ఉత్తరం వస్తుంది, కంగారు పడకండి అంది డాక్టరు.

చలికాలం

ఉత్తరం రావడానికే వారాలు పట్టింది. ఈ దేశంలో జూన్, జూలైలే చలికాలం, రోజూ వర్షంలో గొడుగు లేకుండా వెళ్ళి మెయిల్ బాక్స్ తెరిచేవాణ్ణి. పిజ్జా కాగితాలు, ఇళ్ళమ్మే ఏజెంట్ల నవ్వు మొహాలు. వచ్చిన ఉత్తరంలో మీరు వరసలో ఉన్నారు అని మాత్రం ఉంది. నాకు ఆస్పత్రి మీద కోపం రాలేదు. వరసలో నా ముందున్నవాళ్ళు ఎవరూ నాలాగా ఫోన్ చేసి మరీ ఈ వరసలోకి రాలేదు.

ఇంట్లో నేనూ సుజాతా మాట్లాడుకోవడం తగ్గింది. నాకు సెలవులు అయిపోవడంతో తను డబుల్ షిఫ్టులు చేసేది. పొద్దంతా పరాయి ముసలివాళ్ళ డైపర్లు మార్చి వచ్చి, నా దుప్పట్లు మార్చేది. ఒకరోజు అన్నం పెడుతూ ఉన్నట్టుండి అంది, "నాకు మీ జబ్బు మీద అసహ్యం లేదండీ. ఆ మైకు పట్టుకున్న మొహం గుర్తొస్తేనే." కంచం ముందు తల వంచుకుని తిన్నాను.

రూతు మరీ సూటిగా అడిగేసింది. "డాడీ, గాడ్‌కి మన మనీ అందలేదా? వై ఆర్ యూ సిక్?" ఆ పిల్లకి అలా లెక్క వెయ్యడం ఎవరు నేర్పారు? నేనే. ఇస్తే వస్తుంది, ఇవ్వకపోతే పోతుంది అని హాల్లో నేను చెప్పిన పాఠాలన్నీ వెనక కూర్చుని బొమ్మలేసుకుంటూ వింది. దేవుడు కరెంటు బిల్లు కట్టించుకునే కంపెనీ అన్నట్టు చెప్పాను. నేను లేచి వెళ్ళిపోయాను.

జూలైలో పాస్టరు గారు ఇంటికొచ్చారు. ఆయన కూడా వారం రోజులూ గోడౌన్‌లో పనిచేసి, ఆదివారం వాక్యం చెప్పే మనిషి. దొంగవాడు కాదు. ప్రార్థన చేశారు. తర్వాత గొంతు తగ్గించి అన్నారు, "బ్రదర్, తప్పుగా అనుకోవద్దు. చీటీలో రాసింది ఇంకా సగమే అయింది కదా. దేవుడికిచ్చిన మాటలో ఎక్కడైనా లోపం ఉందేమో మిమ్మల్ని మీరు పరీక్షించుకోండి."

 ఆ మాటకో, జబ్బుకో తెలీదు, ఆయన కాళ్ళ మీదే వాంతి చేసుకున్నాను. ఆయన చివాలున లేవలేదు. బాత్రూంలోకెళ్ళి బకెట్ తెచ్చి, మోకాళ్ళ మీద కూర్చుని కార్పెట్ తుడిచారు. నా మూతి కూడా తుడిచారు. సుజాత షిఫ్టు నుంచి వచ్చేదాకా ఉండి గంజి కాచి ఇచ్చి వెళ్ళారు. ఆ మాటన్నదీ ఆయనే, ఇది చేసిందీ ఆయనే. మనిషిని పూర్తిగా అసహ్యించుకునే వీలు కూడా లేకుండా చేశారని ఆ రోజంతా ఆయన మీద విసుక్కున్నాను.

అయితే ఆ మాట ఎక్కడో విన్నట్టుందని ఆలోచిస్తే తెలిసింది. అది నా పాఠంలోదే. ప్రభాకర్ కొట్లో దొంగతనం జరిగినప్పుడు, దశమభాగం సరిగ్గా ఇస్తున్నావా అని నేనే అడిగాను. పగిలిన అద్దాలు ఊడుస్తున్న మనిషిని నిలబెట్టి అడిగాను.

సెప్టెంబరు నుంచి మార్చి

ఆస్పత్రి వెయిటింగ్ రూముల్లో కూర్చుని చాలా నేర్చుకున్నానని చెప్పను. ఎక్కువగా గోడ మీద టీవీలో చప్పుడు లేని రగ్బీ చూశాను. పక్కన ఒక తెల్ల ముసలావిడ ఎప్పుడూ ఊలుతో ఏదో అల్లుతూ ఉండేది. మూడోసారి కలిసినప్పుడు పిప్పరమెంటు బిళ్ళ ఇచ్చి, నీ పేరు ఎలా పలకాలి అని అడిగింది. తర్వాత నర్సు నా పేరు తప్పు పిలిచిన ప్రతిసారీ ఆవిడ దిద్దేది. నాలుగో నెల నుంచి ఆవిడ కనపడలేదు. అడగడానికి ధైర్యం చాలలేదు.

కెమెరా పెట్టి చూశారు, పేగులో గడ్డ ఉంది, క్యాన్సరే అన్నారు. ఇంకొన్ని నెలల ముందు వచ్చి ఉంటే అని డాక్టరు మొదలుపెట్టి, నా మొహం చూసి ఆపేశాడు. ఆపరేషన్ చేసి పొట్ట మీద ఒక సంచి పెట్టారు, నెలల తరబడి దాంట్లోకే అన్నీ. మొదటిసారి మార్చినప్పుడు వాసనకి నాకే కళ్ళు తిరిగాయి. నర్సు మాత్రం కియా ఓరా అని ఇక్కడి పద్ధతిలో పలకరిస్తూ వచ్చి, వాతావరణం గురించి మాట్లాడుతూ, ఏమీ కానట్టు తుడిచి కొత్తది పెట్టింది. ప్రతి ఆదివారం వరసల మధ్య నేను పట్టుకు తిరిగిన సంచి గుర్తొచ్చి నవ్వొచ్చింది. నవ్వితే కుట్లు లాగాయి.

తర్వాత మందులు. జుట్టు మొత్తం ఊడలేదు గానీ నోట్లో ఏం పెట్టినా ఇనుము నాకినట్టుండేది. సుజాత మళ్ళీ మాట్లాడ్డం మొదలెట్టింది ఆ రోజుల్లోనే. ఒకరోజు కారులో ఆస్పత్రి నుంచి వస్తూ, పార్కింగ్‌కి ఇంత దోచుకుంటారేంటండీ అని తిట్టింది. మామూలు తిట్టు. నాకు ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను.

మార్చి చివర్లో, ప్రస్తుతానికి ఏమీ కనపడటం లేదు అన్నారు. మూణ్ణెల్లకోసారి చూస్తారు. సంచి తీసేశారు.

ఏప్రిల్

మాలో ఎవరైనా గండం గడిచి బయటపడితే ఇంట్లో కృతజ్ఞత కూడిక పెట్టాలి. పాస్టరు గారు వాక్యం చెబుతారు, బాగైనవాడు సాక్ష్యం చెబుతాడు, తర్వాత భోజనాలు. నాకు నోరు విప్పాలని లేదు. కానీ ఆ ముగ్గురి సంగతి నన్ను తినేస్తోంది. నన్ను చూసి పాలసీలు తీసేసిన కిరణ్, ప్రభాకర్, విమల. ఏడాది పైగా వాళ్ళకి ఏ ఆసరా లేదు. నేను మంచం మీద ఉండగా వాళ్ళకొక్క ఫోన్ కూడా చెయ్యలేదు. సిగ్గు.

కూడిక ముందు వంటగదిలో పాస్టరు గారు నా చెయ్యి పట్టుకున్నారు. "బ్రదర్, ఇన్సూరెన్స్ మాట మాత్రం ఎత్తకండి. బలహీనులు తొట్రిల్లుతారు. దేవుడు లేపాడని చెప్పండి, చాలు."

"లేపింది ఆయనే అండీ. పడింది నేను. అది కూడా చెప్పాలి కదా" అన్నాను.

చెప్పాను. ఫోన్ చేసిన సంగతి, దాచిన సంగతి, పెట్రోలు బంకు సంగతి కూడా. ఇవ్వడం తప్పని చెప్పలేదు. నేను ఇచ్చింది దేవుడికి కాదు, చప్పట్లకి అన్నాను. ఇల్లు చూసుకోమని ఆయన అప్పగిస్తే తలుపులు తీసి పారేసి, చూడండి నాకెంత నమ్మకమో అని వీధిలో అరిచానన్నాను. మీ ముగ్గురికీ నేనే నేర్పాను, క్షమించండి, రేపే మళ్ళీ పాలసీలు తీసుకోండి అన్నాను. ఒక్క ఆమేన్ రాలేదు. రూతు మాత్రం ముందు వరసలోకి వచ్చి కూర్చుంది.

కిరణ్ తల గోక్కున్నాడు. "అన్నా, నేనైతే తీసెయ్యలే. అందరు చప్పట్లు కొడుతుంటే తీసేసిన అని చెప్పిన, గంతే. మా ఆఫీసోళ్ళు కడ్తరు దాన్ని."

ఎవరో కిసుక్కున నవ్వారు. ప్రభాకర్ మొహం ఎర్రగా చేసుకుని, "నాకసలు లేదన్నా. ఎప్పుడూ తీసుకోలేదు" అన్నాడు. ఇల్లంతా నవ్వులే. నాకూ నవ్వొచ్చింది, వెంటనే రోత పుట్టింది. ఏడాదిపాటు వాళ్ళ కోసం నేను పడ్డ మథనం అంతా అబద్ధాల మీద. వాళ్ళకి అబద్ధం చెప్పే అవసరం కల్పించింది నేను. పాస్టరు గారు కూడా తల దించుకుని కూర్చున్నారు.

భోజనాల తర్వాత విమల గిన్నెలు కడుగుతోంది. నేను వెళ్ళి, నువ్వు కూడా ఊరికే చెప్పావు కదమ్మా అన్నాను. అలా అని ఉండాలని ఎంత కోరుకున్నానో.

"లేదన్నయ్యా. నేను నిజంగానే తీసేశాను" అంది. కుళాయి కట్టలేదు. "మీరు చెప్పారు కదా."

మంగళవారం మధ్యాహ్నం సుజాతా నేనూ వాళ్ళ ఫ్లాట్‌కి వెళ్ళాం. ల్యాప్‌టాప్‌లో ఫారం నింపుతున్నాం. పేరు, పుట్టిన తేదీ, అన్నీ చకచకా చెప్పింది. గత ఏడాదిలో ఒంట్లో ఏమైనా తేడా గమనించారా అన్న ప్రశ్న దగ్గర ఆగిపోయింది. కొంగు సవరించుకుంది. సుజాత వైపు చూసింది, తర్వాత నా వైపు.

"నిజం రాయాలా అన్నయ్యా?"

సుజాత ల్యాప్‌టాప్ మూసేసి విమలని పక్కగదిలోకి తీసుకెళ్ళింది. కాసేపటికి బయటికొచ్చి, రొమ్ములో గడ్డ, అయిదు నెలలట అని చెప్పింది. డాక్టరుకి డబ్బులవుతాయని, మందిరం చీటీ పూర్తయ్యాక చూపించుకుందామని ఆగిందట.

ఆ నెల దశమభాగం నేను సంచిలో వెయ్యలేదు. విమల డాక్టరు ఫీజుకీ, ఆగకుండా ప్రైవేటులో స్కాన్ తీయించడానికీ ఇచ్చాను. కానుకల బాధ్యత అప్పగించేస్తూ పాస్టరు గారికి ఆ సంగతి చెప్పాను. "అది దశమభాగం కింద రాదేమో బ్రదర్" అన్నారాయన, కానీ పాత గొంతుతో అనలేదు. జేబులోంచి ఒక నోటు తీసి, పిల్లలకి ఏమైనా కొనిపెట్టండి అని నా చేతిలో పెట్టారు.

ఇది రాస్తున్నది స్కాన్ సెంటరు వెయిటింగ్ రూములోనే. సుజాతకి షిఫ్టు ఉంది, నేను తీసుకొచ్చాను. ఇందాక నర్సు విమల పేరు పిలిచింది. ఆమె చెప్పులు సరిచేసుకుని, "ప్రార్థన చెయ్యండన్నయ్యా" అని లోపలికెళ్ళింది.

తల వంచాను. అలవాటుగా నోట్లోకి వచ్చేసింది, ప్రభువా, ఈమెని బాగుచేస్తే నేను... అని. అక్కడ ఆగిపోయాను. నా జీవితంలో ఆ వాక్యాన్ని ఎప్పుడూ సగంలో ఆపలేదు. ఈసారి ఏమీ ఇస్తాననలేదు. ఊరికే అడిగాను.